హస్తవాసి

జబ్బు తగ్గాక ఆ పేరు ఎవరికి దక్కాలన్న విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం కుదరలేదు. అమ్మ ఓటు శనివారాల తైలాభిషేకానికి. శని వక్రించినప్పుడు వచ్చింది, ఆయన ఇల్లు మారగానే పోయింది, మధ్యలో మీరంతా ఆస్పత్రులకు డబ్బులు పోశారు, అంతేనంటుంది. మా బావ ఓటు వాకింగుకి. సనత్‌నగర్ పార్కు చుట్టూ తెల్లవారుజామున నన్ను ఈడ్చుకెళ్ళింది ఆయనే కాబట్టి ఆ ఓటులో కొంత స్వప్రయోజనం లేకపోలేదు. బ్యాంకులో వాళ్ళేమో లోన్ల సెక్షన్ నుంచి నన్ను తప్పించడమే మందు అని తేల్చారు. మా ఆవిడ ఏమీ అనదు. అనకపోవడంలోనే ఆవిడ వాటా ఉందని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలిసిపోయింది.

రోజూ రాత్రి అన్నం తిన్నాక కొన్నేళ్ళ పాటు నేను మింగిన ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్రకు మాత్రం ఒక్క ఓటూ పడలేదు. అలాగని దాన్ని ఎవరూ పట్టించుకోలేదా అంటే, బాగానే పట్టించుకున్నారు. పొట్ట పెరిగితే ఆ మాత్రల వల్లే. బండి తాళాలు ఎక్కడ పెట్టానో మరిచిపోతే ఆ మాత్రల వల్లే. పెళ్ళిలో ఎవరితోనో ముభావంగా ఉంటే, "పాపం, ఆ మాత్రలు మరి" అని ఓ నిట్టూర్పు. మంచికి శనీశ్వరుడు, చెడుకి బిళ్ళ. హస్తవాసి మంచిదని పేరు పడ్డ వైద్యుడి కోసం బళ్ళు కట్టుకుని ఊళ్ళు దాటిన వంశం మాది. ఒక బిళ్ళకి హస్తవాసి ఉంటుందంటే మా వాళ్ళు ఎలా ఒప్పుకుంటారు?

వాళ్ళ సంగతి సరే, ఆ ఓటు నేనూ వేయలేకపోతున్నాను. అదే నన్ను తొలుస్తున్న విషయం.

ఆ జబ్బు నాకు దిగులుగా రాలేదు. దిగులైతే గుర్తుపట్టేవాణ్ణి, మనిషికి దిగులు కొత్తేం కాదుగా. పొద్దున పేపరు మడత విప్పాలనిపించేది కాదు. తెనాలి నుంచి కొత్త మాగాయ వస్తే మూత తీసి వాసన చూసే అలవాటున్నవాణ్ణి, ఆ ఏడు జాడీ వచ్చిందని కూడా చాలా రోజులు తెలుసుకోలేదు. రాత్రి మూడింటికి ఠంచనుగా మెలకువ. అక్కడి నుంచి పాలవాడు వచ్చేదాకా పైకప్పు చూస్తూ పడుకోవడం, చేసిన ప్రతి పనిలోనూ తప్పులు వెతుక్కోవడం. బ్యాంకులో ఒక చిన్న పంట రుణం ఫైలు మీద సంతకం పెట్టడానికి పూటంతా పట్టేది. అందులో తప్పు ఉందని కాదు, లేదన్న నమ్మకం కుదరక. ఏమైందని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి కారణం లేదు. కారణం లేని బాధ మా ఇళ్ళలో పొగరు కిందికి వస్తుంది. తిండికి లోటా, గుడ్డకి లోటా అన్నది మా నాన్న తరం ప్రశ్న. నాకు రెండింటికీ లోటు లేదు. అదో అదనపు అవమానం.

ఫ్యామిలీ డాక్టరు థైరాయిడ్ చూశాడు, బీ12 చూశాడు, షుగరు, ఈసీజీ అన్నీ చూశాడు. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఏ ఒక్కటి కాస్త తేడాగా ఉన్నా ఇంటిల్లిపాదీ సంతోషించేవాళ్ళం. చివరికి ఆయనే, గొంతు తగ్గించి, "నరాల డాక్టరుకి ఓసారి చూపించుకోండి" అన్నాడు. ఆ డాక్టరు నరాల డాక్టరు కాదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. క్లినిక్ బోర్డు మీద కూడా 'న్యూరో సైకియాట్రిస్ట్' అని రాసి ఉంటుంది. ఆ 'న్యూరో' రోగి పరువు కోసం. మేం ఉండేది ఎర్రగడ్డకి కూతవేటు దూరంలో. ఆ పాపం ఊరిది కాకపోయినా, మానసిక వైద్యశాల అక్కడుండటం వల్ల తెలంగాణలో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే 'ఎర్రగడ్డకి పంపాలి' అనడం మామూలు. అదే మనిషి విశాఖ వైపు ఉంటే వాల్తేరు పంపిస్తారు. "ఎక్కడుంటారు?" అని అడిగితే మా కాలనీ వాళ్ళు 'సనత్‌నగర్' అనే అంటారు తప్ప 'ఎర్రగడ్డ పక్కన' అనరు.

డాక్టరు చీటీ రాస్తూ ముందే చెప్పాడు, మొదట పది పదిహేను రోజులు ఇబ్బందిగా ఉంటుంది, గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది, మధ్యలో వదిలేయొద్దు అని. ఆ కాస్త రోజులూ గట్టెక్కడానికి క్లోనజిపామ్ చిన్న మోతాదులో రాసి, దాన్ని మాత్రం త్వరగా ఆపేయించాడు. అన్నట్టే ముందు దుష్ఫలితాలు వచ్చాయి. కడుపులో తిప్పడం, ఏసీలో కూర్చున్నా చెమటలు, రీజనల్ మేనేజర్ మాట్లాడుతుండగా దవడలు నొప్పెట్టేలా ఆవులింతలు. జబ్బుకి తోడు ఇదొకటి. చాలామంది ఈ మందు మానేసేది ఇక్కడే అనుకుంటాను. బాధ అప్పు ముందే తీర్చేసి, సుఖం ఎప్పుడొస్తుందో తెలియకుండా కూర్చోవడం ఎవరికైనా కష్టమే.

ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు. 'ఈ రోజు పొద్దున లేచేసరికి మబ్బు విడిపోయింది' అని చెప్పగలిగితే ఎంత బావుండేది! ఓ ఆదివారం ఎర్రగడ్డ రైతు బజారులో గోంగూర కట్టల దగ్గర గొడవ పడ్డాను. రైతు బజారులో బేరం ఉండదు, రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. బోర్డు మీద ఒకటుంది, నువ్వు చెప్పేది ఒకటుంది, ఇదేం న్యాయమమ్మా అని ఆ అమ్మాయితో నేను వాదించాను. ఆమె కూడా గట్టిగానే సమాధానం చెప్పింది. పక్కన సంచీ పట్టుకుని నిల్చున్న మా ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని నా మొహంలోకి చూసింది. అంతకుముందు నెలల తరబడి ఎవరెంత చెబితే అంత ఇచ్చి వచ్చేస్తున్నానట. ఆ రోజు మేం రూపాయి ఎక్కువే ఇచ్చాం. ఆవిడ మాత్రం దారంతా నవ్వుతూనే ఉంది. అలా ఆ లోకోక్తి నిజమైంది. ఎర్రగడ్డకి వెళ్ళే బాగుపడ్డాను, కూరగాయల బజారుకి అయినా సరే.

మందు సంతోషం ఇస్తుందని అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. నాకు తిరిగొచ్చింది చిరాకు. లోకం మీద మళ్ళీ పేచీ పెట్టుకునే ఓపిక.

అసలు ఈ మందుల పుట్టుకలోనే పేరు ఎవరికి ఇవ్వాలో తెలియని తిరకాసుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు రాకెట్ల ఇంధనంగా వాడిన హైడ్రాజిన్, యుద్ధం ముగిశాక కుప్పలుగా మిగిలిపోయి చవకగా దొరికింది. మందుల కంపెనీలు దాన్ని కొని క్షయకి మందు కోసం రకరకాల పదార్థాలు చేశాయి. అందులో ఒకటి ఐప్రోనియాజిడ్. 1952లో న్యూయార్కులో స్టాటెన్ ఐలాండ్ మీదున్న సీ వ్యూ ఆస్పత్రిలో దాన్ని క్షయ రోగులకు ఇస్తే, చావు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు లేచి వార్డుల్లో నాట్యం చేశారు. ఫొటోలు పత్రికల్లో పడ్డాయి. ఊపిరితిత్తుల కోసం ఇస్తే ఉత్సాహం వచ్చిందేమిటా అని మనోవైద్యులు ఆరా తీశారు. ఇంకోవైపు స్విట్జర్లాండులో ఓ సరస్సు ఒడ్డునున్న ఆస్పత్రిలో రోలాండ్ కున్ అనే వైద్యుడు స్కిజోఫ్రీనియాకి పనికొస్తుందేమోనని ఒక మందు వాడి చూశాడు. దానికి పనికిరాలేదు. 1956లో దాన్నే తీవ్రమైన దిగులుతో ఉన్నవాళ్ళకి ఇస్తే తేరుకున్నారు. అది ఇమిప్రమిన్. రెండు చోట్లా వెతికింది ఒకటి, దొరికింది మరొకటి.

ఆ తరువాత వచ్చిన వాటిలో లోకమంతా పేరు మోగింది ఫ్లుయాక్సెటిన్‌ది. ప్రోజాక్ పేరుతో 1987 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక్కడి నుంచి ఈ కథ మా వీధిలోకి వస్తుంది. తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి బాలానగర్ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. 2001 ఆగస్టులో ప్రోజాక్ పేటెంటు కోట కూలగానే, 40 మిల్లీగ్రాముల ఫ్లుయాక్సెటిన్ క్యాప్సూల్‌ని అమెరికా బజారులో 180 రోజులు పోటీ లేకుండా అమ్ముకునే హక్కు ఆ హైదరాబాదు కంపెనీకి దక్కింది. అలాంటి హక్కు సంపాదించిన మొదటి భారతీయ కంపెనీ అదే. అమెరికా దిగులు పోగొట్టే బిళ్ళతో హైదరాబాదు మందుల వ్యాపారం ఓ మెట్టు ఎక్కింది. బాలానగర్, జీడిమెట్ల వైపు ఇళ్ళలో సగం మంది ఏదో ఒక మందుల ఫ్యాక్టరీ మీద బతికినవాళ్ళే. ఆ గాలి పీలుస్తూ, ఆ ఫ్యాక్టరీల జీతాలు జమయ్యే బ్యాంకులో కూర్చుని నేనేం చేశాను? నా స్ట్రిప్పుని గ్యాస్ బిళ్ళల డబ్బా అడుగున దాచాను. మెడికల్ షాపు కుర్రాడు కాగితం కవర్లో పెట్టి, దానికి ఇంకో కవరు తొడిగి ఇచ్చేవాడు. బీపీ బిళ్ళలు మాత్రం అలాగే చేతిలో పెట్టేవాడు.

మొదటి డాక్టరు నాకు సెరటోనిన్ పాఠం చెప్పాడు. మెదడులో అది తగ్గింది, మందు పెంచుతుంది, అంతే సార్, సింపుల్ అన్నాడు. అది విని ఇంట్లో అందరికీ పెద్ద ఊరట. లోపం అంటే ఐరన్ లోపం లాంటిదన్నమాట, పరువైన మాట. 2022లో జొవానా మాన్‌క్రీఫ్ బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, సెరటోనిన్ తక్కువైతేనే డిప్రెషన్ వస్తుందనడానికి గట్టి ఆధారం లేదని రాసింది. వెంటనే మా బావ వాట్సాప్‌లో పంపాడు, కింద మూడు ఆశ్చర్యార్థకాలతో. అంటే మందు బూటకమనేగా అని ఆయన లెక్క. నేనేం చెప్పానంటే, తలనొప్పికి కారణం ఒంట్లో అమృతాంజనం తక్కువ కావడమని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఎక్కడా అనలేదు, అయినా రాస్తే తగ్గుతోంది కదా బావా! జబ్బు ఎందుకొచ్చిందో తెలియడం వేరు, ఏది వాడితే తగ్గుతుందో తెలియడం వేరు. రెంటినీ ముడిపెట్టి పాఠం చెప్పిన డాక్టర్లదే ఆ తప్పు అనుకుంటాను. పాఠం సింపుల్‌గా ఉంటే రోగి మాట వింటాడని వాళ్ళ ఆశ. పాఠం తప్పని తేలిన రోజు మందు మీద కూడా నమ్మకం పోతుందని ఆలోచించలేదు.

ఇక అది తీసుకున్నదేమిటో చెప్పాలి. మా అమ్మాయి పెళ్ళి నాటికి నేను మందు మీదే ఉన్నాను. పనులన్నీ చక్కగా చేసుకున్నాను. క్యాటరింగ్ వాడితో, పందిరివాడితో, వియ్యాలవారితో ఎక్కడా మాట తూలలేదు. ముందటి ఏడాది స్థితిలో ఉంటే ఆ పెళ్ళి జరిపించగలిగేవాణ్ణే కాదు. అప్పగింతల వేళయింది. పళ్ళెంలో పాలు పోశారు. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతున్నాం. సన్నాయి ఆ రాగం ఎత్తుకుంది. మా ఆవిడ ఏడుస్తోంది, అమ్మ ఏడుస్తోంది, ఎప్పుడూ బింకంగా ఉండే మా బావ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పిల్ల నా భుజం మీద తల పెట్టి వెక్కిళ్ళు పెడుతోంది. నాకు తెలుసు, ఇది ఏడవాల్సిన చోటని. లోపల ఎక్కడో ఏడుపు ఉందని కూడా తెలుసు. కానీ అది పైకి రాదు. పక్కింటి పెళ్ళి చూస్తున్నట్టు చూస్తున్నాను. వీడియో అబ్బాయి కెమెరా నా మొహం మీదే పెట్టి చాలాసేపు ఆగి, చివరికి దగ్గరికొచ్చి చెవిలో, "సార్, ఒక్కసారి కర్చీఫు కళ్ళ దగ్గర పెట్టుకోండి, బావుంటుంది" అన్నాడు. పెట్టుకున్నాను. ఆల్బమ్‌లో ఆ ఫొటో బాగానే వచ్చింది. చూసినవాళ్ళు, "తండ్రి కదా మరి" అంటారు.

ఆ పూట బంధువుల్లో రెండు పార్టీలయ్యాయి. ఎంత నిబ్బరం అని కొందరు, ఎంత రాతిగుండె అని కొందరు. ఈ మందులు వాడేవాళ్ళలో చాలామంది ఈ మొద్దుబారడం గురించి చెబుతారు. దుఃఖం అంచు అరగదీసే ఆకురాయి సంతోషం అంచుని మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? ఇంకొక సంగతి ఆలుమగల మధ్యది. ఈ రకం మందుల్లో అది చాలా మామూలు ఇబ్బంది అని, సిగ్గు విడిచి అడిగాక డాక్టరు ఒప్పుకున్నాడు. అడిగేదాకా ఆయన చెప్పలేదు. మన దగ్గర ఎంతమంది అడుగుతారు?

పెళ్ళయ్యాక కొన్నాళ్ళకి, ఇక మానేద్దామనుకుంటున్నానండీ అన్నాను. చాలాకాలంగా కులాసాగా ఉన్నాను కాబట్టి డాక్టరు సరేనన్నాడు. రోజు విడిచి రోజు వేసుకోండి, రెండు వారాలయ్యాక ఆపేయండి అన్నాడు. అక్షరాలా అలాగే చేశాను.

తల పక్కకి తిప్పితే కళ్ళ వెనక చిటుక్కుమని ఓ కరెంటు. నొప్పి కాదు, శబ్దమూ కాదు, రెండింటి మధ్యలో ఏదో. భరత్‌నగర్ వంతెన మీద బండి నడుపుతూ అద్దంలోకి చూస్తే చిటుక్కు, వెనక్కి చూస్తే చిటుక్కు. నేల ఒక అంగుళం కిందికి జారినట్టు తూలు. రాత్రంతా రంగుల కలలు. చనిపోయిన మా నాన్న బ్యాంకు ఆడిటర్ల మధ్య కూర్చుని నా వోచర్లు తిరగేస్తుండేవాడు. పెళ్ళిలో రాని కన్నీళ్ళు టీవీలో బట్టల సబ్బు ప్రకటనకి వచ్చేవి. పెరుగు పులిసిందని కంచం ముందు నుంచి లేచిపోయాను. అటువంటి పని మా ఇంట్లో మా తాత చేసేవాడు, తరువాత ఎవరూ చేయలేదు.

తీర్పులు వెంటనే వచ్చాయి. జబ్బు తిరగబెట్టింది, ఇంక జీవితాంతం వాడాల్సిందేనన్నాడు డాక్టరు. చూశావా, దానికి బానిసవైపోయావని నేను మొదటి రోజే చెప్పానన్నాడు బావ. ఇద్దరి గొంతులోనూ ఒకే తృప్తి.

ఇద్దరివీ నాకు కుదరలేదు. వ్యసనమైతే దాని మీద యావ ఉండాలి, మోతాదు పెంచుకుంటూ పోవాలి. నేను ఏళ్ళ తరబడి అదే బిళ్ళ, అదే కొలత, మరిచిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకుని మరీ వేసుకున్నాను. సారాకి ఎవడూ అలారం పెట్టుకోడు. ఇక తిరగబెట్టడమంటారా, నా జబ్బులో ఎప్పుడూ ఈ కరెంటు లేదు. నా జబ్బులో మొద్దుగా పడుకుని ఉండేవాణ్ణి, ఇప్పుడు చర్మం లేనివాడిలా ఉన్నాను.

రెండో డాక్టరు మా అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మొత్తం విని, ఒక తెల్లకాగితం తీసుకుంది. "సర్, ఈ మందు రక్తంలో సగానికి పడిపోవడానికి దాదాపు 30 గంటలు. రోజు విడిచి రోజు వేసుకుంటే మీ మెదడు రెండు రోజులకోసారి కిందికి పడి, మళ్ళీ పైకి లేస్తోంది. అదే ప్రోజాక్ అయితే ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది, అది తనంతట తనే మెల్లగా దించుతుంది" అంది. ముందు పాత మోతాదు మళ్ళీ మొదలుపెట్టించింది. రెండు మూడు రోజుల్లో కరెంటు, తూలు, కలలు అన్నీ సర్దుకున్నాయి. "జబ్బే తిరగబెట్టి ఉంటే ఇంత త్వరగా తగ్గదు కదా సర్, మొదటిసారి ఎన్ని వారాలు పట్టింది?" అంది. అదొక్క ప్రశ్నతో నా అనుమానం తీరింది.

తరువాత అదే కాగితం మీద గీత గీసింది. మొదట నిటారుగా ఎక్కి, తరువాత బల్లపరుపుగా సాగిపోయే గీత. సిటాలోప్రామ్ అని దీని అన్న ఉంది. అది 20 మిల్లీగ్రాములు వేసుకుంటే మెదడులో అది పట్టుకోవాల్సిన తావుల్లో సుమారు 80 శాతం పట్టేస్తుంది. కొలతని నాలుగోవంతుకి, అంటే 5కి దించినా దాదాపు 60 శాతం పట్టే ఉంటుంది. అంటే పైనుంచి చాలా దిగినా తేడా తెలియదు, అసలు లోయంతా ఆఖరి చిన్న ముక్క దగ్గరే ఉంది. కాబట్టి దిగేకొద్దీ అడుగు చిన్నది కావాలి. 2019లో ఈ సంగతిని లాన్సెట్ సైకియాట్రీలో వివరంగా రాసినవాళ్ళలో మార్క్ హొరోవిట్జ్ అనే వైద్యుడొకడు. లండన్‌లో ఈ మందుల మీదే పీహెచ్‌డీ చేసినవాడు. తను వాడుతున్న మందు మానబోయి తనే అల్లాడిపోయి, అప్పుడు లెక్క తీశాడు. ఆయన వాడిందీ నా మందే. ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. చదువుకున్నవాడికే ఆ గతి పట్టిందన్న సంతోషం కూడా అందులో కలిసిందేమో.

మళ్ళీ దిగడం మొదలుపెట్టాం. ఈసారి నెలలు. ఒక మెట్టు దిగి, అక్కడ కొన్ని వారాలు ఆగి, డాక్టరుకి చెప్పి, ఇంకో మెట్టు. నెదర్లాండ్స్‌లో కొంచెం కొంచెం తగ్గుతూ పోయే కొలతల్లో పొట్లాలు కట్టిన రోల్స్ దొరుకుతాయట. బ్రిటన్‌లో చుక్కల మందు ఇస్తారట. మాకు షాపులో దొరికిన అతి చిన్న బిళ్ళ 5 మిల్లీగ్రాములు. ఆపైన బ్లేడే. డైనింగ్ టేబుల్ మీద తెల్లకాగితం పరిచి, ట్యూబ్‌లైటు కింద, డాక్టరు రాసిచ్చిన కొలత ప్రకారం సగం, సగంలో సగం కోసేవాళ్ళం. మా ఆవిడ చెయ్యి నిలకడైనది, ఆవిడే కోసేది. నేను ఊపిరి బిగపట్టి కూర్చునేవాణ్ణి, విసురుగా వదిలితే రేపటి డోసు ఎగిరిపోతుంది. కంటికి ఆనని ఆ ఆఖరి పలుకు మానడానికి పట్టినంత కాలం, మొదటి సగం మానడానికి పట్టలేదు. అయినా మధ్యలో ఓ వారం చిటుక్కులు వచ్చాయి. వచ్చినప్పుడు భయపడలేదు, పేరు తెలిసిన పురుగు కదా.

అందరికీ ఇలా అవుతుందని చెప్పను. ఓ ఉదయం మానేసి మర్నాటికి ఆ సంగతే మరిచిపోయినవాళ్ళు మా బ్యాంకులోనే ఉన్నారు. 2024లో చాలా అధ్యయనాలు కలిపి లెక్క కడితే, ఈ మందులు ఆపినవాళ్ళలో నూటికి 31 మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది. ఉత్తుత్తి బిళ్ళ ఆపినవాళ్ళలో కూడా 17 మందికి కనిపించింది. మందే లేని బిళ్ళ మానేస్తే తల తిరిగింది ఆ పదిహేడు మందికి! బావకి ఈ అంకె చెబితే పగలబడి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నా చిటుక్కుల్లో ఎన్ని నిజమైనవో, ఎన్ని నా భయం సృష్టించినవో నేనెలా విడదీస్తాను?

ఇంకో అంకె ఇంతకంటే తికమక పెట్టింది. బ్రిటన్‌లో చాలాకాలంగా మందు వాడుతూ, బాగున్నాం, ఇక ఆపొచ్చు అనుకున్న 478 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు మందు కొనసాగించింది, ఇంకో గుంపుకి మెల్లగా మందు తీసేసి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. ఎవరికి ఏదో రోగులకి తెలియదు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి ఆపినవాళ్ళలో 56 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. వాడుతూ ఉన్నవాళ్ళలో 39 శాతం మందికి. మందుకి హస్తవాసి ఉందన్నమాట, వంద మందిని వరసలో నిలబెడితే కనిపిస్తోంది. కానీ ఆ వరసలోంచి ఒక మనిషిని పక్కకి లాగి, నీకు తగ్గింది దేనివల్ల అంటే చెప్పలేం. మందు వేసుకుంటూనే పడిపోయినవాడు ఉన్నాడు, ఆపేసి నిలబడ్డవాడూ ఉన్నాడు. నాకు శనీశ్వరుడే తగ్గించాడని అమ్మ అంటే, కాదని నిరూపించే కాగితం నా దగ్గర లేదు. నాలాంటి వందమంది కొడుకులు అమ్మకుంటే లెక్క తేల్చేవాళ్ళం.

మానేశాక మా వాళ్ళు పొగడటం మొదలుపెట్టారు. "మొత్తానికి మనోబలంతో బయటపడ్డావురా" అని బాబాయి భుజం తట్టాడు. వేసుకున్నన్నాళ్ళూ బలం లేనట్టా? వికారంతో, చెమటలతో, నోటికి రుచి లేకుండా ఆ మొదటి వారాలు గడపడానికి పట్టిన బలం ఎవరికీ కనబడలేదు. మా ఆఫీసులో ఒకాయన పదేళ్ళుగా వాడుతున్నాడు, ఆపిన ప్రతిసారీ మంచం పట్టాడు, ఇక ఆపనని తీర్మానించుకున్నాడు. ఆయనది బలహీనత అని ఎవరైనా నా ముందు అంటే మాత్రం ఆ గోంగూర అమ్మాయితో పెట్టుకున్న పేచీ కన్నా పెద్దది పెట్టుకుంటాను.

మొన్నామధ్య ఆరోగ్య బీమా కంపెనీ మార్చుకుంటూ కొత్త దరఖాస్తు నింపాల్సి వచ్చింది. మానసిక వ్యాధికి ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా అని అందులో ఓ గడి. ఏజెంటు కుర్రాడు ఆ గడి దగ్గరికి రాగానే, "కాదు అని కొట్టేద్దాం సార్, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బుకి ఎలా బీమా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే ఇవ్వాలయ్యా అన్నాను. చట్టం సంగతి సరే సార్ అన్నాడు. అవును అనే టిక్కు పెట్టాను. మందు పేరు రాశాను, ఎప్పుడు ఆపానో రాశాను.

వారం తిరగకుండా కంపెనీ నుంచి ఓ అమ్మాయి ఫోను. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ సరిచూసుకుని, "సర్, ఆ ప్రాబ్లమ్ మళ్ళీ వచ్చే అవకాశం ఉందా?" అంది. ఉందమ్మా అన్నాను. ఎంతవరకు ఉంటుంది సర్ అంది. నాకు తెలిసిన లెక్క చెప్పాను, ఆపితే ఏడాదిలో నూటికి యాభై ఆరు, వాడుతూ ఉంటే ముప్పై తొమ్మిది, నాకు మాత్రం ఆ ఏడాది దాటిపోయింది అని. అటువైపు టైపు చేస్తున్న చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"సర్, ఇక్కడ అవును, కాదు అని రెండే ఉన్నాయి" అంది.

అవును పెట్టమన్నాను.